దిగే ఆటను పుట్టించిన రైలు: ఒక పాత మంచు ఊరి కొండ కథ

(అనంతపురంలో ఒక ఆదివారం సాయంత్రం మిత్రుల కూటంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు అడిగినందుకు రికార్డింగ్ విని టైప్ చేసినాం. తడబాట్లు మాత్రం తీసేసినాం, మిగతాదంతా మాట్లాడినాయన మాటే.)

అందరికీ నమస్కారం. ముందర వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నిలబడినోళ్ళు వచ్చి కూర్చోండి, ఫ్యాన్ గాలి కూడా ఈ పక్కనే బాగా వస్తుంది. బయట ఎండ చూస్తే, మంచు గురించి వినడానికి ఇంతమంది వచ్చినారంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. చల్లగా ఉంటాదని వచ్చినారేమో తెలీదు.

ముందే ఒక మాట చెప్పేస్తా. స్కీయింగ్ అంటే కాళ్ళకి పొడుగు పలకలు, అంటే స్కీలు, కట్టుకోని మంచు మీద జారే ఆట. నేను ఆ మాస్టర్ని కాదు, ఆటగాణ్ణి అసలే కాదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ అనే ఊళ్ళో ఉద్యోగం చేసే రోజుల్లో నేర్చుకున్నా, వచ్చీరానట్టు దిగుతా, అంతే. నన్ను ఆ కొండలకి లాక్కుపోయింది స్కీలు కాదు, రైలు. గుంతకల్లు రైల్వే కాలనీలో పెరిగినోణ్ణి, యాడ రైలు కనపడినా నిలబడి చూసే జబ్బు ఉంది నాకు. ఆ రైలు చూడడానికి పోయి ఆ కొండ చూసినా, కొండ చూసినంక ఆ ఊళ్ళు చూసినా. ఈ రోజు చెప్పబోయేది కూడా అదే వరసలో చెప్తా, రైలు, కొండ, ఊరు.

స్కీ రిసార్ట్ అంటే మీకు ఏం గుర్తొస్తుంది? ఏమ్మా, నువ్వు చెప్పు. హోటల్, మంచు, రోప్‌వే. కరెక్టే. కానీ ఇందులో రెండు రకాలుండాయి. ఒకటి, ముందు ప్లాన్ గీసుకోని తర్వాత కట్టినవి. ఫ్రాన్స్‌లో 1960ల్లో గవర్నమెంటు ప్రోత్సాహంతో, మనుషులు ఎవ్వరూ లేని ఎత్తయిన చోట్ల, మంచు బాగా పడే చోట్ల, ఏకంగా ఊళ్ళకి ఊళ్ళు కట్టినారు. లా ప్లాన్య్ 1961, ఫ్లేన్ 1969. ఈ ఫ్లేన్ డిజైన్ చేసింది మార్సెల్ బ్రాయర్ అని పెద్ద ఆర్కిటెక్ట్, మొత్తం కాంక్రీటు. అక్కడ అపార్ట్‌మెంట్ తలుపు తీస్తే కాళ్ళ కిందనే మంచు, స్కీలు తొడుక్కోని జారిపోవచ్చు. సౌకర్యం అంటే అది. నేను తక్కువ చేసి మాట్లాడడం లేదు, పిల్లలతో పోయేవాళ్ళకి అదే మేలు.

రెండో రకం, ఊరు ముందే ఉంటాది. ఆవులుంటాయి, చర్చి ఉంటాది, గడ్డి వాములుంటాయి. స్కీయింగ్ అనేది వందల ఏళ్ళ తర్వాత చుట్టం మాదిరి వచ్చి కూర్చుంది. అట్లాంటి ఊర్లలో వెంగెన్, మ్యూరెన్ అని రెండుండాయి, స్విట్జర్లాండ్‌లో బెర్న్‌కి దక్షిణంగా. ఈ రోజు వాటి గురించే.

సరే, ముందు అక్కడి నేల ఎట్లుంటాదో చెప్పాల. లౌటర్‌బ్రున్నెన్ అని ఒక లోయ. వేల ఏళ్ళ కిందట హిమానీనదం కోసుకుంటూ పోయిన లోయ అది, అందుకే అడుగు చదునుగా, రెండు పక్కలా గోడలు నిలువుగా ఉంటాయి. మన గండికోట చూసినారు కదా, దాన్ని పెన్న కోసింది, నీళ్ళు కోసింది. దీన్ని మంచుగడ్డ కోసింది. గోడల మీద నుంచి జలపాతాలు పడుతుంటాయి, స్టౌబ్‌బాఖ్ అనే ఒక్కటే దాదాపు 300 మీటర్లు, గాలికి సగం దారిలోనే పొగై పోతుంది. లోయ అడుగున ఊరు 800 మీటర్ల ఎత్తులో ఉంటాది. ఆ గోడలకి పైన, ఒక పక్క 1274 మీటర్ల దగ్గర ఒక అరుగు మాదిరి చదును, దాని మీద వెంగెన్. ఎదురుగా ఇంకో పక్క 1640 మీటర్ల దగ్గర ఇంకో అరుగు, దాని మీద మ్యూరెన్. రెండు ఊళ్ళూ ఒకదాన్నొకటి చూస్తా ఉంటాయి, మధ్యలో పాతాళం.

ఇంగ ఆ అరుగుల పైన ఏముంది? ఐగర్ 3967 మీటర్లు, మోంఖ్ 4100 పైన, యుంగ్‌ఫ్రౌ 4158. ఐగర్ ఉత్తరం గోడ గురించి కొందరు వినుంటారు, 1938 వరకు ఎవ్వరూ ఎక్కలేకపోయినారు, శానామంది చచ్చిపోయినారు. ఆ గోడ కిందనే, ఆ నీడలోనే మనోళ్ళు స్కీయింగ్ చేసేది. ఎంత పెద్ద గోడ అంటే దాని పక్కన జారేటప్పుడు మనకి స్పీడు తెలీదు, ఎంత జారినా గోడ అక్కడే ఉంటాది.

రెండు ఊళ్ళకీ కార్లు పోవు. ఇది గమనించండి. రోడ్డు వేయలేక కాదు, ఇప్పుడైతే టన్నెల్ తవ్వి వేయగలరు, వాళ్ళకి అదొక లెక్క కాదు. కానీ వేసుకోలేదు. పాలు, సిమెంటు, సోఫాసెట్టు, పెండ్లికూతురు, ఏదైనా సరే రైల్లోనో కేబుల్ కార్‌లోనో పైకి పోవాల్సిందే. స్టేషన్ నుంచి ఇంటికి చిన్న బ్యాటరీ బండ్లు. పొద్దున లేస్తే హారన్ వినపడదు, మంచు పార గీకే చప్పుడు వినపడుతుంది.

ఇప్పుడు రైలు. వెంగెన్‌కి పోయే రైలు 1893లో మొదలైంది. రెండు పట్టాల మధ్యలో పళ్ళున్న ఇంకో కమ్మీ ఉంటాది, ఇంజన్ కింద పళ్ళ చక్రం దాన్ని పట్టుకోని ఎక్కుతుంది. ఊటీ రైలు ఎక్కినోళ్ళకి తెలుసు. లౌటర్‌బ్రున్నెన్ నుంచి వెంగెన్, అక్కడి నుంచి 2061 మీటర్ల ఎత్తులో క్లైనె షైడెగ్ అని కనుమ, కనుమ దాటి అవతల గ్రిండెల్‌వాల్డ్. మొత్తం 19 కిలోమీటర్లు, పళ్ళ కమ్మీ మీద ఇంత పొడుగు నడిచే రైలు ప్రపంచంలో ఇంకోటి లేదు. కనుమ దగ్గర నుంచి ఐగర్ పొట్టలో టన్నెల్ తవ్వి 3454 మీటర్ల దాకా ఇంకో రైలు వేసినారు, 1896లో పని మొదలుపెట్టి 1912లో ముగించినారు. మన ట్రావెల్స్ వాళ్ళు స్విట్జర్లాండ్ టూర్ అని తీసుకపోయేది దాని మీదికే.

ఈ రైళ్ళు ఎవరికోసం వేసినారు? స్కీయింగ్ కోసమా? కానే కాదు. ఎండాకాలం కొండలు చూసే దొరల కోసం. చలికాలం రైలు బంద్, హోటళ్ళు బంద్, ఊరంతా ఆవుల్ని కొట్టంలో కట్టేసుకోని మంట ముందర కూర్చునేది. స్కీలు అప్పటికి నార్వే నుంచి వచ్చినాయి, కానీ నార్వే వాళ్ళకి స్కీ అంటే మంచు మీద నడక. కొండ ఎక్కాల, దిగాల, గెంతాల, అంతా కలిపితేనే ఆట. ఒక రోజంతా ఎక్కితే దిగేది కాసేపే. దిగడం ఒక్కటే ఆట అని వాళ్ళు అనుకోలేదు, ఎట్లనుకుంటారు, ఎక్కకుండా దిగేది ఎట్ల?

ఇక్కడే రైలు పని చేసింది. హెన్రీ లన్ అని ఒక ఇంగ్లీషాయన, టూర్లు నడిపే వ్యాపారి, 1910-11 చలికాలంలో మ్యూరెన్ రైలు వాళ్ళని ఒప్పించి రైలు నడిపించినాడు, హోటళ్ళు తీయించినాడు. ఇంగ్లండు నుంచి జనాన్ని దింపినాడు. రైలు పైకి తీసుకపోతుంది, మనిషి స్కీల మీద కిందికి వస్తాడు, మళ్ళా రైలెక్కుతాడు. నార్వే వాళ్ళు చూసి నవ్వినారు, ఇదేం సోమరి ఆటరా అని. వెంగెన్‌లో ఉండే ఇంగ్లీషోళ్ళు 1925లో క్లబ్బు పెట్టుకోని దానికి పెట్టుకున్న పేరేందో తెలుసా, డౌన్‌హిల్ ఓన్లీ. దిగుడు మాత్రమే! ఎగతాళి చేస్తే దాన్నే బోర్డు మీద రాసుకున్నారు. ఆ క్లబ్బు ఇప్పటికీ ఉంది.

నేను గట్టిగా చెప్పేది ఇదే. ఈ రోజు ఒలింపిక్స్‌లో టీవీలో చూసే డౌన్‌హిల్ ఉంది కదా, అది పుట్టింది మంచు వల్ల కాదు. మంచు నార్వేలో శానా ఉంది. రైలు వల్ల పుట్టింది. పైకి ఎక్కించే యంత్రం వచ్చినాకనే దిగడం ఆటైంది.

ఇంకో సంగతి చెప్తా, ఇది మనకు సంబంధించింది. ఈ హెన్రీ లన్ అంతకుముందు ఏం చేసేవాడు? మెథడిస్టు మిషన్ డాక్టరు. 1887లో మద్రాసుకి వచ్చినాడు, ఒంట్లో బాగలేక ఎక్కువ రోజులు ఉండలేకపోయినాడు. ఉన్న ఆ కాలంలోనే, 1888లో మద్రాసులో కొడుకు పుట్టినాడు, ఆర్నాల్డ్ లన్. అప్పటికి మన అనంతపురం, కర్నూలు, కడప అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీ కిందనే కదా. అంటే చూడండి, మన ప్రెసిడెన్సీలో పుట్టిన పిల్లోడు పోయి, మంచులో ఆటకి రూల్స్ రాసినాడు!

నవ్వొద్దండి, నిజంగానే రాసినాడు. స్లాలోమ్ అంటారు, మంచులో కర్రలు పాతి వాటి మధ్య మలుపులు తిరుగుతా దిగేది, ఆ పోటీ ఇప్పుడు ఆడే పద్ధతిలో మొదట పెట్టింది ఈయనే, మ్యూరెన్‌లో 1922లో. డౌన్‌హిల్, స్లాలోమ్ మొట్టమొదటి ప్రపంచ పోటీలు 1931లో అదే మ్యూరెన్‌లో. 1936 ఒలింపిక్స్‌కి ఎక్కించినారు. ఇంత చేసినాయనకి ఒక కాలు పొట్టి. కుర్రతనంలో కొండెక్కుతా పడి కాలు విరిగింది, సరిగ్గా అతకలేదు, జన్మంతా ఆ కాలితోనే స్కీయింగ్ చేసినాడు. 1952లో సర్ బిరుదు ఇచ్చినారు.

ఆయన మ్యూరెన్‌లో 1924లో పెట్టిన క్లబ్బు పేరు కాందహార్. ఏం సార్, స్విట్జర్లాండ్‌లో కాందహార్ ఏంది? కథ ఏమంటే, లార్డ్ రాబర్ట్స్ అని బ్రిటిషు సైన్యాధికారి, పుట్టింది కాన్పూర్‌లో, 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కి సైన్యాన్ని నడిపించి పేరు తెచ్చుకున్నాడు, తర్వాత మద్రాసు సైన్యానికి కమాండర్‌గా కూడా చేసినాడు. 1911లో స్విట్జర్లాండ్‌లోనే మోంటానా అనే చోట పెట్టిన డౌన్‌హిల్ పందేనికి ఆయన పేరు మీద కప్పు ఇచ్చినారు, కాందహార్ కప్పు. అదే పేరు పట్టుకోని క్లబ్బు, తర్వాత 1928లో ఆస్ట్రియాలో ఆర్ల్‌బెర్గ్-కాందహార్ పందెం, ఇప్పటికీ యూరప్‌లో కొన్ని రేసులకి ఆ పేరు నడుస్తానే ఉంది. టీవీలో కామెంటరీ చెప్పే కుర్రోళ్ళలో ఎంతమందికి తెలుసో, వాళ్ళు చెప్పే పేరు ఒక ఎడారి ఊరిదని.

సరే, దారి తప్పినా, కొండకి వద్దాం.

ఇప్పుడు ఈ పాత ఊళ్ళలో స్కీ దారులు, పిస్ట్ అంటారు వాటిని, ఎట్లుంటాయి? కొత్త రిసార్టుల్లో బుల్‌డోజర్ పెట్టి కొండని చెక్కి, వెడల్పు చేసి, హైవే మాదిరి చేసేస్తారు. ఇక్కడ అట్ల కుదరదు. ఎందుకంటే మూడు కట్టుబాట్లుండాయి. పైన, చెట్లు లేని చోట ఆవుల మేతబీళ్ళు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అవి ఆవులవి, గడ్డి పాడు చేయకూడదు. చలికాలం కంచెలు తీసేస్తే అదే బీడు పిస్ట్. మేతబీడు ఎప్పుడూ సమంగా ఉండదు, గుబ్బలు గుబ్బలు, చిన్న చిన్న దిబ్బలు, మధ్యలో పశువుల కాపరుల గుడిసెలు, నీళ్ళ తొట్లు. ఆ గుబ్బలన్నీ మంచు కింద అట్లనే ఉంటాయి. అందుకే వెంగెన్ పైన వెంగెర్నాల్ప్ అనే చోటు చుట్టుపక్కల దిగుతుంటే దారి ఒక లయలో లేస్తాది పడతాది, ఒక దిబ్బ ఎక్కి దిగేసరికి ముందర ఏముందో అప్పుడే తెలుస్తుంది.

ఆ కిందకి వస్తే అడవి. ఈ అడవి ముట్టకూడదు. 1876లోనే స్విట్జర్లాండ్ చట్టం తెచ్చింది, కొండల మీద అడవి విస్తీర్ణం తగ్గకూడదని. ఎందుకు? అడవి ఉంటే మంచు చరియ ఊరి మీదికి రాదు. ఆండర్‌మాట్ అని ఇంకో ఊళ్ళో అయితే 1397లోనే ఊరి జనం రాసుకున్నారు, పైనున్న అడవిలో ఒక్క చెట్టు కొట్టకూడదని. చూడండి, పర్యావరణం అనే మాట పుట్టకముందు. ఆ కారణంగా ఈ ఊర్లలో అడవిలో పిస్ట్ అంటే సన్నగా, వంకరగా, పాత కట్టెల బండి దారి ఎట్లుందో అట్లనే ఉంటాది. వెడల్పు చేస్తామంటే ఊరు ఒప్పుకోదు, చట్టమూ ఒప్పుకోదు.

మూడోది రాయి. అది ఎవ్వరి మాటా వినదు.

పిస్టులకి రంగులుంటాయి. బ్లూ అంటే సులువు, రెడ్ మధ్యరకం, బ్లాక్ కష్టం. సుమారుగా వంద మీటర్లు పోతే 25 మీటర్ల లోపు దిగేది బ్లూ, 40 లోపు రెడ్, ఆ పైన బ్లాక్. స్విట్జర్లాండ్‌లో పసుపు రంగు కూడా ఉంది, అంటే దారి గుర్తు పెడతాం, మంచు చరియల నుంచి కాపాడతాం, కానీ మంచుని మిషన్‌తో చదును చేయం, నీ తిప్పలు నువ్వు పడు అని. వెంగెన్ వైపు ఎక్కువ బ్లూ, రెడ్. కాగితం మీద చూసినోళ్ళు ఇంతేనా అంటారు. నేను చెప్పేది, ఒకే రెడ్ దారిలో పైన బీడు, మధ్యలో రాతి సందు, కింద అడవి, చివర్లో ఎవరిదో ఇంటి పెరడు, ఇవన్నీ వస్తాయి. మ్యాపులో ఒకటే ఎర్ర గీత.

దీనికి సాక్ష్యం కావాలంటే లౌబర్‌హార్న్ రేసు చూడండి. జనవరిలో జరుగుతుంది, 1930లో మొదలైంది, వెంగెన్ మనిషి ఎర్నెస్ట్ గెర్ట్ష్ పెట్టినాడు. ప్రపంచ కప్పు డౌన్‌హిల్ దారుల్లో అన్నిటికంటే పొడుగైంది ఇదే, నాలుగున్నర కిలోమీటర్లకి కొంచెం తక్కువ. పైన మొదలు 2315 మీటర్లు, కింద ముగింపు 1287. అంటే 1028 మీటర్లు కిందకి. తిరుపతి నుంచి తిరుమలకి అలిపిరి మెట్లెక్కి ఎంత ఎత్తు పోతామో దానికంటే ఇది ఎక్కువ. మనకి ఎక్కడానికి మూడు గంటలు, మోకాళ్ళకి అమృతాంజనం వేరే. వాళ్ళు దిగేది రెండున్నర నిమిషాల్లో.

ఈ దారిని ఎవరూ రేసు కోసం డిజైన్ చేయలేదు, కొండ ఇచ్చింది. పైన వెడల్పు బీడు మీద మొదలవుతుంది, జారుతా వచ్చి హుండ్‌షోప్ఫ్ అనే రాళ్ళ సందు దగ్గర అంచు నుంచి గాల్లోకి ఎగరాల, రెండు పక్కలా బండలు, వలలు. అక్కడి నుంచి సన్నటి బండిదారి, అక్కడ జారుడు తక్కువ, వంగి కూర్చోని ఊపు కాపాడుకోవాల. తర్వాత ఏమొస్తుందో తెలుసా? రైలు! పైన రైలు పట్టాలు, కింద చిన్న వంతెన సందు, ఆ సందులోంచి రేసర్ దూరిపోవాల. ఏ ఇంజనీరైనా కొత్తగా కట్టే రేసు దారికి మధ్యలో రైలు కట్ట పెడతాడా? రైలు ముందే ఉంది, దారి దానికింద సర్దుకుంది. చూసే జనం కూడా ఆ రైల్లోనే వస్తారు. ఆ తర్వాత హానెగ్ దగ్గర వాలు, 2013లో యోహాన్ క్లారే అనే ఫ్రెంచి ఆటగాడు అక్కడ గంటకి 161.9 కిలోమీటర్ల వేగం అందుకున్నాడు. కాళ్ళ మీద నిలబడి, ఏ ఇంజనూ లేకుండా. మన హైవే మీద కారులో ఆ స్పీడు పోతే పక్కన కూర్చున్న భార్య ఊరుకుంటుందా?

ఆ దారిలో చోట్లకి పేర్లుండాయి, ఎక్కువ భాగం పడిపోయినోళ్ళ పేర్లు. 1954లో ఆస్ట్రియా టీం వాళ్ళు వరసగా ఒక గుంత దగ్గర పడినారు, అప్పటి నుంచి అది ఆస్ట్రియా గుంత. 1965లో యోసెఫ్ మిన్ష్ పడిన అంచుకి మిన్ష్ పేరు. 1976లో ఇద్దరు కెనడా కుర్రోళ్ళు ధైర్యం ఎక్కువై పడిన మలుపు కెనడా మూల. గెలిచినోళ్ళ పేర్లు బోర్డు మీద రాస్తారు, పడినోళ్ళ పేర్లు కొండ మీద ఉంటాయి. నవ్వుకునే సంగతి మాత్రమే కాదు ఇది, 1991లో చివరి మలుపు దగ్గర ఆస్ట్రియా కుర్రోడు గెర్నాట్ రైన్‌స్టాడ్లర్ పడి ప్రాణం పోయింది. ఆ తర్వాత వలలు, ముగింపు చోటు అన్నీ మార్చినారు.

మ్యూరెన్ వైపు వేరే రుచి. చిన్నది, నిటారుది. 2970 మీటర్ల షిల్ట్‌హార్న్ శిఖరం దాకా కేబుల్ కారు పోతుంది, పైన గుండ్రంగా తిరిగే హోటలు, జేమ్స్ బాండ్ సినిమా తీసినారక్కడ. పై నుంచి మొదటి దిగుడే బ్లాక్, అక్కడ నాలాంటోడు నిలబడి కాసేపు సీనరీ బాగుందని నటిస్తాడు. ఇన్ఫెర్నో అని రేసు ఉంది, 1928లో లన్ స్నేహితులు మొదలుపెట్టినారు, షిల్ట్‌హార్న్ నుంచి లోయ అడుగు దాకా, మంచు సరిపడా ఉంటే 15 కిలోమీటర్లు. అందులో మధ్యలో ఎక్కుడు కూడా ఉంది. పెద్ద ఆటగాళ్ళ రేసు కాదు అది, బ్యాంకు గుమాస్తాలు, వడ్రంగులు, పాల వ్యాపారం చేసేవాళ్ళు, 1800 మంది పైన ఒకరి వెనక ఒకరు దిగుతారు. వాలంటీర్లుగా నిలబడేది ఊరంతా.

లిఫ్టుల సంగతి ఒకటి చెప్పి తీరాల, పులివెందుల, పుట్లూరు వైపు నుంచి వచ్చినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఉన్నారు, చేతులెత్తినారు. మీకోసమే. రైలు పోని చోటికి ఎట్ల ఎక్కేది? 1934లో స్విట్జర్లాండ్‌లోనే దావోస్ అనే ఊళ్ళో, తాడుకి వేలాడే కడ్డీతో మనిషిని ఈడ్చుకపోయే లిఫ్టు వచ్చింది. కుర్చీ లిఫ్టు, తాడుకి కుర్చీలు వేలాడుతుంటాయి కదా, అది 1936లో అమెరికాలో సన్ వ్యాలీ అనే చోట వచ్చింది. కనిపెట్టినాయన జిమ్ కరన్ అని రైల్వే కంపెనీ ఇంజనీరు, మళ్ళా రైల్వేనే చూడండి. ఆయన అంతకుముందు ఓడల్లోకి అరటి గెలలు ఎక్కించే కొక్కేల వరస డిజైన్ చేసిన మనిషి. గెల తగిలించే కొక్కెం బదులు కుర్చీ పెట్టినాడు, మనుషుల్ని ఎక్కించినాడు. అరటి లేకపోతే చైర్ లిఫ్టు లేదు, ఈసారి మీ ఊళ్ళో చెప్పండి.

ఇంతసేపు పొగిడినా, ఇంగ తిట్టాల్సింది కూడా తిడతా. పాత రిసార్టు అంటే రేటు ఎక్కువ. ఒక వాలు నుంచి ఇంకో వాలుకి పోవాలంటే రైలు కోసం ఎదురు చూడాల, ఆ టైంలో కొత్త రిసార్టులో రెండుసార్లు దిగుండొచ్చు. అన్నిటికంటే పెద్ద ఇబ్బంది ఎత్తు. వెంగెన్ 1274 మీటర్లు, ఆ కాలంలో సరిపోయింది, ఇప్పుడు సరిపోవడం లేదు. స్విట్జర్లాండ్‌లో వేడి ఆ రోజులకంటే రెండు డిగ్రీలకు పైనే పెరిగింది. ఊరి దగ్గర మంచు పడాల్సిన రోజున వాన పడుతుంది. ఫ్రాన్స్ వాళ్ళు ఇంకా ఎత్తులో కట్టుకున్నారు కాబట్టి కొన్నాళ్ళు తట్టుకుంటారు. పాత ఊళ్ళు ఆవులకి తగ్గ ఎత్తులో ఉండాయి, మంచుకి తగ్గ ఎత్తులో లేవు. ఇది ఒప్పుకోవాల.

మెషిన్ మంచు వేస్తారు కదా అంటారేమో. వేస్తారు. నీళ్ళని, గాలిని ప్రెషర్‌తో చిమ్ముతారు, గాలిలో చలి మైనస్ రెండు మూడు డిగ్రీలకి పోతేనే అది మంచై పడుతుంది, అదీ గాలి పొడిగా ఉండాల. నీళ్ళు ఎక్కడివి? కొండ మీద చెరువులు తవ్వుకోవాల. పంపులకి కరెంటు. మన జిల్లాలో బోరు వేసి ఎండిపోయిన రైతుకి చెప్తే ఏమంటాడో, జారడానికి నీళ్ళు పోస్తున్నారా అని. నేను జవాబు చెప్పలేను. అక్కడ ఊరికి ఊరు ఆ చలికాలం మీద బతుకుతాంది, అది కూడా నిజమే.

కొత్తదనం రాలేదా అంటే వచ్చింది. 2020 డిసెంబరులో గ్రిండెల్‌వాల్డ్ నుంచి ఐగర్ హిమానీనదం స్టేషన్ దాకా మూడు తాళ్ళ మీద నడిచే పెద్ద కేబుల్ కారు తెచ్చినారు, పావుగంటలో పైన. దాని మీద ఊళ్ళో శానా గొడవ నడిచింది, ఐగర్ ముందర ఈ తీగలేంది అని. నాకైతే దాని మీద మంచీ లేదు చెడ్డా లేదు. కానీ పావుగంటలో పైకి పోయినోడు మేతబీడు చూడడు, వెంగెన్ చూడడు. నా రైలు పిచ్చి వల్ల అంటున్నానేమో.

టైం అవుతాంది, రెండు మూడు ప్రశ్నలు తీసుకుంటా. అడగండి.

మంచు చరియల భయం లేదా అంటున్నారు. ఉంది, రోజూ ఉంది. దావోస్‌లో ఒక సంస్థ 1930ల నుంచి మంచు మీదే పరిశోధన చేస్తాంది. ఒకటి నుంచి ఐదు దాకా ప్రమాదం నంబరు ప్రకటిస్తారు. జనం ఎక్కువగా చచ్చిపోయేది ఐదు రోజున కాదు, ఐదైతే ఎవరూ బయటికి పోరు. మూడు నంబరు రోజున, ఎండ కాసి కొత్త మంచు మెరుస్తా ఉంటే, గుర్తు పెట్టిన దారి వదిలిపెట్టి పోయినోళ్ళు. పిస్ట్ మీద ఉంటే పొద్దున్నే వాళ్ళు మందుగుండు పెట్టి వదులు చరియల్ని దింపేసి ఉంటారు.

మన దేశంలో లేదా? ఉందన్నా, గుల్మార్గ్. అది కూడా మేతబీడే, గుజ్జర్లు పశువులు మేపేది. ఊరు 2650 మీటర్లు, వెంగెన్‌కి రెండింతలు. 1927 ప్రాంతంలోనే బ్రిటిషోళ్ళు అక్కడ స్కీ క్లబ్ పెట్టినారు. గొండోలా, అంటే అక్కడి కేబుల్ కారు, రెండు ఫేజులు, రెండో ఫేజు అఫర్వాట్ కొండ మీద నాలుగు వేల మీటర్లకి కాస్త తక్కువలో దింపుతుంది. స్కీయింగ్ నేర్చుకునేవాళ్ళు కింద ఊళ్ళోనే ఉండండి, అక్కడ వాలు బాగా సులువు. పైన ఒక్క భాగం మాత్రమే ప్యాట్రోల్ వాళ్ళు చూసుకుంటారు, మిగతాదంతా కొండ ఇష్టం. గైడ్ లేకుండా పోవద్దు, దయచేసి పోవద్దు. గొండోలా టికెట్ ఆన్‌లైన్‌లో ముందే తీసుకోండి.

చివరి ప్రశ్న, ఆ పెద్దమ్మ అడుగుతున్నారు, స్కీయింగ్ రానోళ్ళు పోతే ఏం చూడాల అని. మంచి ప్రశ్న. మనోళ్ళంతా టూర్ బస్సు దిగి, రైలెక్కి, నేరుగా 3454 మీటర్ల పైకి పోయి, అక్కడ బాలీవుడ్ అని హోటలుంది, నిజంగానే ఉంది, దాంట్లో పప్పన్నం తిని, మంచులో ఫోటో దిగి, తలనొప్పి పట్టుకోని దిగొస్తారు. దారిలో కిటికీ బయట ఇంత కథ ఉంటాది, నిద్రపోతుంటారు. మీరు పోతే వెంగెర్నాల్ప్ స్టేషన్‌లో దిగండమ్మా. చిన్న స్టేషను. స్కీలు లేకుండా నడిచేవాళ్ళకి చలికాలంలో కూడా వేరే దారి ఊడ్చి పెడతారు, పింక్ రంగు బోర్డులుంటాయి. ఎదురుగా యుంగ్‌ఫ్రౌ మొత్తం కనపడుతుంది, పక్కన పిల్లలు జారుతుంటారు. తర్వాతి రైలుకి మళ్ళా ఎక్కొచ్చు. ఒకటే, చీర మీద స్వెట్టరేసుకోని చెప్పులతో పోవద్దు, గట్టి బూట్లు కావాల, అవి ఊళ్ళో బాడుగకి దొరుకుతాయి.